ఒకే నీరు, రెండు పద్దులు: ఒక కౌంటీ జలవనరుల అంచనాపై కేస్ స్టడీ

ఈ కేసు అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలోని ఒక కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి పాలనా ప్రాంతానికి, సంబంధించినది. కౌంటీ పేరు, ఏటి పేరు, పట్టణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరూ గుర్తుపట్టకుండా ఉండేందుకు విస్తీర్ణాన్నీ, ప్రవాహాలనూ గుండ్రని అంకెల్లోకి మార్చాను. వాటి మధ్య నిష్పత్తులను మాత్రం చెడగొట్టలేదు. ఇందులో కొత్త పద్ధతి ఏదీ లేదు. అందరికీ తెలిసిన పద్ధతులనే వాడుతూ కూడా ఎక్కడ తప్పటడుగు వేశామో, దాన్ని ఏ ఆధారంతో సరిదిద్దుకున్నామో రాసిపెట్టడమే నా ఉద్దేశం.

నేపథ్యం

కౌంటీ విస్తీర్ణం దాదాపు 400 చదరపు మైళ్లు. హిమానీనదాలు వదిలివెళ్లిన నేల అది. ఉత్తరాన మూడింట రెండు వంతుల ప్రాంతంలో బంకమన్ను, ఇసుక, రాళ్లు కలగలిసి గట్టిపడిన నేల ఉంటుంది. దీన్నే అక్కడ టిల్ అంటారు. దక్షిణాన మిగిలిన ఒక వంతు ఏటి లోయ. మంచు కరిగినప్పుడు పారిన నీరు మోసుకొచ్చి పరిచిన ఇసుక, కంకర అక్కడ లోతుగా ఉంటాయి. పట్టణానికి నీరిచ్చే బోర్లు, వేసవిలో మొక్కజొన్నకు నీళ్లు పెట్టే రైతుల బోర్లు దాదాపు అన్నీ ఈ కంకర పొరలోనే ఉన్నాయి. పట్టణం ఏటి ఒడ్డునే ఉంది; దాని బోర్లు ఊరికి ఎగువన, మురుగునీటి శుద్ధి కేంద్రం ఊరికి దిగువన ఉన్నాయి. ఎగువ, దిగువ అన్న ఈ చిన్న వివరమే తరువాత కథ మొత్తాన్నీ నడిపించింది.

రాబోయే 20 ఏళ్ల సమగ్ర ప్రణాళికలో నీటి అధ్యాయం రాయడానికి కౌంటీ ప్రణాళికా మండలి మా బృందాన్ని పిలిచింది. అప్పటికే వారి దగ్గర పాత నివేదిక ఒకటి ఉంది. అమెరికా తూర్పు సగంలోని చాలా రాష్ట్రాల్లో ఏటి నీటి హక్కు ఒడ్డున ఉన్న భూమితో ముడిపడి ఉంటుంది. భూగర్భ జలాల సంగతి వేరే న్యాయ సూత్రాల కింద నడుస్తుంది. చట్టం రెంటినీ విడదీసి చూడటంతో వాటిని కొలిచే విభాగాలు, రాసే అధ్యాయాలు కూడా విడివిడిగానే తయారవుతూ వచ్చాయి. పాత నివేదికలోనూ అదే జరిగింది: భూగర్భ జలాల అధ్యాయం ఒకరు రాశారు, ఉపరితల జలాల అధ్యాయం ఇంకొకరు రాశారు, చివరి పట్టికలో మూడో వ్యక్తి రెంటినీ కూడారు.

ఎదురైన సమస్య

ఆ పట్టికలో లెక్క ఇలా ఉంది. ఒక చదరపు మైలు మీద ఒక అంగుళం మందాన నీరు నిలిస్తే అది దాదాపు 1.74 కోట్ల గ్యాలన్లు. కౌంటీ అంతటా ఏడాదికి 6 అంగుళాల నీరు భూమిలోకి ఇంకుతుందనుకుంటే రోజుకు సగటున 11.4 కోట్ల గ్యాలన్లు వస్తాయి. అది భూగర్భ జలం పద్దు. ఏరు ఏడాదికి మోసే నీటిని కౌంటీ అంతటా పరిచి చూస్తే సగటున 12 అంగుళాలు ఉంటుందనుకుంటే రోజుకు 22.9 కోట్ల గ్యాలన్లు. అది ఉపరితల జలం పద్దు. మొత్తం 34.3 కోట్లు. రాబోయే 20 ఏళ్లలో పట్టణానికీ, కొత్త పరిశ్రమలకూ అదనంగా కావలసింది రోజుకు 40 లక్షల గ్యాలన్లు మాత్రమే. అంటే ఉన్నదానిలో నూటికి ఒక వంతు కంటే కాస్త ఎక్కువ. కొరత లేదని నివేదిక తేల్చేసింది.

మొదటి సమావేశంలో మండలి సభ్యుల్లో ఒకరు, లోయలో సేద్యం చేసే పెద్దాయన, ఆ పట్టిక మీద వేలు పెట్టి ఒకే ప్రశ్న అడిగారు: "ఇన్ని నీళ్లుంటే, ఆ కరువు ఏడాది ఆగస్టులో పట్టణం బోర్ల పక్కన ఏట్లో రాళ్లు తేలేదాకా నీరు ఎందుకు తగ్గిందండీ?" దానికి పాత నివేదికలో జవాబు లేదు. మా దగ్గర కూడా ఆ రోజు లేదు.

పట్టికలో మొదటి లోపం తేలికగానే కనిపించింది. వానలు లేని రోజుల్లో ఏటిలో పారేది భూమిలోంచి ఊరే నీరే. భూమిలోకి ఇంకిన 6 అంగుళాలు మధ్యలో బోర్లు తోడకపోతే, ఒడ్డున చెట్లు తాగకపోతే, చివరికి ఏటిలోకే వస్తాయి. ఏరు మోసే 12 అంగుళాల్లో సగం ఆ ఊటే. అంటే 11.4 కోట్ల గ్యాలన్లను రెండు పద్దుల్లోనూ రాసుకున్నారు. ఒక్క బిందె నీళ్లను బావి దగ్గర ఒకసారి, ఇంట్లో దింపాక మరోసారి లెక్కపెట్టినట్టు. ఈ తప్పును దిద్దితే మొత్తం 22.9 కోట్లకు దిగుతుంది. అయినా 40 లక్షలు దాని ముందు చిన్న అంకెగానే కనిపిస్తుంది. పెద్దాయన ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది. కాబట్టి కూడికలోని తప్పును దిద్దినంత మాత్రాన సరిపోదని మాకు అక్కడే అర్థం కావలసింది. వెంటనే అర్థం కాలేదు.

మేం చేసిన ప్రయత్నాలు, అవి తప్పిన తీరు

మొదట ఇంకుడు అంచనాను మెరుగుపరచబోయాం. ఏటి మీద ప్రవాహాన్ని కొలిచే గేజింగ్ స్టేషన్ (గేజ్) కౌంటీ సరిహద్దుకు కాస్త దిగువన ఉంది. దాని రోజువారీ ప్రవాహ రికార్డు చాలా ఏళ్లది దొరికింది. రికార్డులోంచి వాన వల్ల ఉప్పొంగిన భాగాన్ని తీసివేసి ఊట భాగాన్ని వేరుచేసే ప్రోగ్రాములు అమెరికా జియలాజికల్ సర్వే ఉచితంగానే ఇస్తుంది. వాటిని నడిపితే దాదాపు పాత 6 అంగుళాలే వచ్చింది. ఇక్కడ నేను ఒక తొందరపాటు పని చేశాను. శుద్ధి కేంద్రం నుంచి రోజుకు 52 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 8 క్యూసెక్కులు, గేజ్‌కు ఎగువనే ఏటిలో కలుస్తున్నాయి. ఏడాది పొడవునా నిలకడగా వచ్చే ఆ నీటిని ప్రోగ్రాము ఊట నీరుగానే లెక్కిస్తుంది. అందుకని దాన్ని ఇంకుడు లెక్కలోంచి తీసేశాను.

మా బృందంలో నాకంటే చిన్నవారైన ఒక సహోద్యోగి ఆ తీసివేతను ఆపారు. ఆ పట్టణం ఆ నీటిని ఏటిలోంచి తెచ్చుకోలేదు, కంకర పొరలోంచి తోడింది. తోడకపోయి ఉంటే ఆ నీరు ఊటగా ఏటికే వచ్చేది. బోర్లు ఊటలో తగ్గించినదాన్ని శుద్ధి కేంద్రం తిరిగి నింపుతోంది. బోర్లూ, కేంద్రం గొట్టమూ రెండూ గేజ్‌కు ఎగువనే ఉన్నాయి కాబట్టి గేజ్ దగ్గర కనిపించే మొత్తం అసలు ఇంకుడుకు దగ్గరగానే ఉంటుంది. తీసేస్తే పట్టణం వాడకాన్ని రెండుసార్లు కోసినట్టు అవుతుంది. రెండుసార్లు కూడిన తప్పును పట్టుకున్నామన్న సంతోషంలో నేను రెండుసార్లు తీసివేసే తప్పు చేయబోయాను. తీసిన అంకెను తిరిగి పెట్టేశాను.

ఆ చర్చ వృథా పోలేదు. ఏడాది సగటులో శుద్ధి కేంద్రం నీరు పావు అంగుళానికి కాస్త మించుతుంది, అంతే, కంటికి ఆనదు. కానీ కరువు ప్రవాహంలో? వరుసగా 7 రోజుల సగటు ప్రవాహం, సగటున 10 ఏళ్లకొకసారి ఏ స్థాయికి పడిపోతుందో దాన్ని సెవెన్ క్యూ టెన్ అంటారు. శుద్ధి కేంద్రాల అనుమతులకు అమెరికాలో సాధారణంగా చూసేది అదే. గేజ్ దగ్గర అది 40 క్యూసెక్కులు. అందులో 8 శుద్ధి కేంద్రానివి, అంటే ఐదో వంతు. పైగా ఆ ఐదో వంతు ఊరికి దిగువన మాత్రమే ఉంటుంది. గేజ్ దగ్గరి అంకెను పరీవాహక విస్తీర్ణం నిష్పత్తిలో ఎగువకు పంచిన పాత నివేదిక, బోర్ల పక్కన ఎప్పుడూ లేని నీటిని అక్కడ ఉన్నట్టు చూపించింది.

విస్తీర్ణం నిష్పత్తి మరో విధంగా కూడా మోసం చేసింది. టిల్ నేలలోకి ఏడాదికి 3.5 అంగుళాలు ఇంకితే, కంకర లోయలోకి 11 అంగుళాలు ఇంకుతాయి. రెంటి సగటు 6 అంగుళాలే, అంకె తప్పు కాదు. కానీ ఆ 6 అంగుళాలు ఇంకే చోటు కౌంటీలో ఎక్కడా లేదు.

తరువాత బోర్ల రికార్డులతో నీటిమట్టం పటం గీయబోయాం. బోరు వేసినవారు పూర్తి చేసిన ఫారాలు వేలల్లో ఉన్నాయి; ప్రతిదానిలో ఆ రోజు నీటిమట్టం రాసి ఉంటుంది. అన్నింటినీ ఒకే పటంలో వేస్తే కొండలూ గుంటలూ నిండిన, నమ్మశక్యం కాని ఉపరితలం వచ్చింది. కారణం దాచినదేమీ కాదు. ఒక్కో ఫారం ఒక్కో దశాబ్దానిది, ఒక్కో రుతువులోది. కొన్ని బోర్లు పైనున్న కంకరలో ఉంటే, కొన్ని టిల్ కింద ఒత్తిడిలో ఉన్న ఇసుక పొరలో ఉన్నాయి. అన్ని వేల అంకెలను పక్కన పెట్టడానికి మనసొప్పక రెండు వారాలు వాటిని సర్దుతూ కూర్చున్నాం. చివరకు శరదృతువులో మూడు రోజుల్లో 60 బోర్లను స్వయంగా కొలిచాం. ఉక్కు టేపు చివరి కొన్ని అడుగులకు వడ్రంగి వాడే నీలం సుద్ద రాసి బోరులోకి దించితే, నీటిలో మునిగినంత మేర సుద్ద రంగు ముదురుతుంది. పైన పట్టుకున్న అంకెలోంచి ఆ తడి గీతను తీసివేస్తే అడుగులో వందో వంతు వరకు మట్టం తెలుస్తుంది. ఆ 60 కొలతలు ఆ వేల ఫారాల కంటే ఎక్కువ చెప్పాయి. పాత ఫారాలు పూర్తిగా పనికిరానివని కాదు. ఏ లోతులో ఏ మన్ను తగిలిందో చెప్పడంలో వాటికి సాటి లేదు.

మూడో పొరపాటు మోడల్‌ది. మండలికి చూపించడానికి బాగుంటుందని భూగర్భ జలాల కదలికను లెక్కించే మాడ్‌ఫ్లో ప్రోగ్రాముతో కంప్యూటర్ నమూనా ముందే మొదలుపెట్టాం. నీటిమట్టాలకు అది చక్కగా సరిపోయింది. అయితే ఇంకుడును రెట్టింపు చేసి, పొర నీటిని పారనిచ్చే శక్తిని కూడా రెట్టింపు చేస్తే అంతే చక్కగా సరిపోయింది. మట్టాలు ఒక్కటే చేతిలో ఉంటే నమూనాకు తెలిసేది ఆ రెంటి నిష్పత్తి మాత్రమే. వాటి అసలు విలువలు తెలియవు. ఏటిలోకి ఎక్కడ ఎంత ఊరుతోందో కొలిచి ఇస్తే తప్ప ఆ ముడి విడదు. నమూనాను అక్కడే ఆపి ఏటికి వెళ్లాం. ఈ క్రమం తిరగేసి ఉండవలసింది.

దారి చూపిన కొలత

సెప్టెంబరులో, పది రోజులుగా వాన లేనప్పుడు, ఏటి పొడవునా ఒకే ఉదయం 14 చోట్ల ప్రవాహం కొలిచాం. ఈ పని ఎందుకు ఉదయమే చేయాలంటే, ఒడ్డున చెట్లు పగలంతా నీరు పీల్చడం వల్ల చిన్న ఏళ్లలో సాయంత్రానికి ప్రవాహం తగ్గి, రాత్రి తిరిగి కోలుకుంటుంది; ఎగువన పొద్దున, దిగువన మధ్యాహ్నం కొలిస్తే చెట్లు తాగినదాన్ని నేల తాగిందనుకుంటాం.

కొలిచే తీరు నిదానమైనది. ఏటికి అడ్డంగా టేపు కట్టి, తొడల దాకా నీటిలో దిగి, 25 నుంచి 30 నిలువు గీతలుగా విభజించి, ఒక్కో గీత దగ్గర లోతు చూసి, పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో వేగం కొలవాలి. లోతు 2.5 అడుగులు దాటితే రెండు చోట్ల కొలిచి సగటు తీయాలి. ఒక్కో చోటికి దాదాపు గంట పట్టింది. నాలుగు బృందాలుగా విడిపోయినా చివరి రెండు చోట్లకు వచ్చేసరికి మధ్యాహ్నం దగ్గరపడింది; ఆ రెండు కొలతలను మరుసటి ఉదయం మళ్లీ తీసుకున్నాం.

ఉత్తరాన టిల్ నేలలోంచి వచ్చే వాగులు దాదాపు ఎండిపోయి ఉన్నాయి. లోయలోకి దిగాక ప్రతి మైలుకూ ప్రవాహం పెరుగుతూ వచ్చింది. ఒక్క చోట తప్ప. పట్టణం బోర్లకు ఎగువన 22 క్యూసెక్కులు, బోర్లు దాటాక 19. ఒక్కో కొలతలో నూటికి 5 వంతుల పొరపాటు ఉండవచ్చనుకుంటే, రెంటి తేడాలో పొరపాటు దాదాపు ఒకటిన్నర క్యూసెక్కు అవుతుంది. తేడా 3. నమ్మదగినదే, కానీ ఒక్కసారి కొలిచి చెప్పేంత బలమైనది కాదు. వారం తరువాత మళ్లీ కొలిచాం. ఏరు అక్కడ మళ్లీ తగ్గింది. పట్టణం తోడుతున్న 8 క్యూసెక్కుల్లో దాదాపు 3 ఏటి అడుగు నుంచే ఇంకుతున్నాయన్నమాట. మిగిలినవి ఏటికి చేరవలసిన ఊటను దారిలోనే అందుకుంటున్నాయి. శుద్ధి కేంద్రం దగ్గర ఆ 8 తిరిగి కలుస్తున్నాయి. మధ్యలో ఉన్న రెండు మైళ్లే పెద్దాయన చెప్పిన, రాళ్లు తేలిన చోటు.

ఆ రెండు మైళ్ల దగ్గర కరువు ప్రవాహాన్ని అంచనా వేస్తే 12 క్యూసెక్కులు వచ్చింది. అదనంగా అడుగుతున్న 40 లక్షల గ్యాలన్లు 6 క్యూసెక్కులకు కాస్త ఎక్కువ. పాత పట్టికలో నూటికి ఒకటిగా కనిపించిన కోరిక, నిజంగా నీరు తీసే చోట, తీసే నెలలో, ఉన్నదానిలో సగం. అంకె మారలేదు, దాన్ని దేనితో పోల్చామన్నదే మారింది.

కొత్త బోర్లు ఎక్కడ?

బోరు తోడే నీరు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు అమెరికా భూగర్భ జల శాస్త్రవేత్త చార్లెస్ థీస్ 1940లోనే జవాబిచ్చారు: మొదట పొరలో నిల్వ ఉన్న నీరు, తరువాత క్రమంగా ఏటికి చేరవలసిన నీరు తగ్గడం, లేదా ఏటినుంచి పొరలోకి ఇంకేది పెరగడం. ఎంత కాలంలో నిల్వ నుంచి ఏటికి మారుతుందన్నది దూరాన్నిబట్టి ఉంటుంది. దీనికి గ్లోవర్, బాల్మర్ 1954లో ఇచ్చిన సూత్రం ఉంది. 1968లో జెంకిన్స్ దాన్ని చేతితో లెక్కవేయగలిగే రూపంలోకి తెచ్చారు. దూరాన్ని వర్గం చేసి, పొర ఎంత నీటిని నిల్వ ఉంచి వదలగలదో చెప్పే నిల్వ గుణకంతో గుణించి, నీటిని పారనిచ్చే శక్తితో భాగిస్తే రోజుల్లో ఒక అంకె వస్తుంది. అన్ని రోజులు గడిచేసరికి తోడుతున్న నీటిలో దాదాపు సగం ఏటినుంచే వస్తూ ఉంటుంది.

మా పొరకు నిల్వ గుణకం 0.2, పారనిచ్చే శక్తి రోజుకు 10,000 చదరపు అడుగులు. ఏటికి 2,000 అడుగుల దూరంలో ఉన్న స్థలానికి ఆ అంకె 80 రోజులు. రెండు మైళ్ల దూరంలోని స్థలానికి 2,230 రోజులు, అంటే ఆరేళ్లు. దగ్గరి బోరును జూన్‌లో మొదలుపెడితే ఆగస్టు చివరికి, సరిగ్గా ఏరు చిక్కిన వేళ, సగం భారం ఏటి మీద పడుతుంది. దూరపు బోరును ఒక వేసవి 90 రోజులు తోడితే ఆ వేసవిలో ఏటికి తగిలేది దాదాపు శూన్యం. ఆ భారం తరువాతి ఏళ్లలో అన్ని నెలల మీదా పలచగా పరుచుకుంటుంది.

ఇది విని మండలిలో కొందరు దూరపు బోరుకు ఏటితో సంబంధం లేదని అనుకున్నారు. ఆ అపోహను పెరగనివ్వకూడదని అక్కడే పదేళ్ల లెక్క కూడా చూపించాను. దూరపు బోరును ఆపకుండా తోడితే పదేళ్లకు నూటికి 58 వంతులు ఏటినుంచే వస్తాయి, ఇంకా పెరుగుతాయి. బోరు ఆపేశాక కూడా ఏళ్ల తరబడి ఏరు తగ్గుతూనే ఉంటుంది. దూరం వల్ల అప్పు వాయిదా పడుతుంది, రద్దు కాదు. ఈ సూత్రం ఏటి అడుగు శుభ్రంగా ఉందనీ, పొర అంతటా ఒకే తీరుగా ఉందనీ అనుకుంటుంది. నిజమైన ఏటి అడుగున పేరుకున్న మెత్తని మన్ను ఇంకుడును నెమ్మదింపజేస్తుంది కాబట్టి, దగ్గరి బోరు విషయంలో సూత్రం కాస్త ఎక్కువే చెబుతుంది. ప్రణాళికకు ఆ వైపు తప్పడమే మేలని దాన్నే ఉంచాం. ఏటి కొలతలు చేతికొచ్చాక మాడ్‌ఫ్లో నమూనాను మళ్లీ తెరిచాం. ఈసారి ఇంకుడు విలువ ఒక్క చోట నిలబడింది, చేతి లెక్కకు దగ్గరగానే చెప్పింది.

ఏటికి రెండు మైళ్ల దూరంలోని స్థలానికి ఒక చిక్కు వచ్చింది. దానికి దగ్గర్లో ఊట నీటితోనే బతికే చిత్తడి నేల ఒకటి ఉంది. ఏటికి మేలని చిత్తడిని ఎండబెట్టలేం. స్థలాన్ని పడమటికి జరిపి, ఏటినుంచి ఒకటిన్నర మైళ్ల దగ్గర స్థిరపడ్డాం. అక్కడ జెంకిన్స్ అంకె దాదాపు మూడున్నరేళ్లు.

మండలి చివరికి ఆమోదించినది మూడు పనులు. ఊరికి ఎగువన, శుద్ధి కేంద్రం నీరు కలవకముందే, కొత్త గేజ్ పెట్టడం. అక్కడ ప్రవాహం నిర్ణీత స్థాయికి పడితే పట్టణం తన పాత బోర్లను తగ్గించి దూరపు బోర్లకు మారడం. చలికాలంలో, వసంతంలో ఏరు నిండుగా ఉన్నప్పుడు పాత బోర్లనే వాడి దూరపు పొరను కోలుకోనివ్వడం. శుద్ధి చేసిన నీటిని గొట్టం వేసి బోర్లకు ఎగువన వదలాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. నీటి లెక్క ప్రకారం అది అన్నింటికంటే సూటి పరిష్కారం. కానీ ఏటి నీరు బోర్లలోకి ఇంకుతోందని మేమే కొలిచి చూపించాక, తాగునీటి నాణ్యత పరీక్షలు లేకుండా దాన్ని సిఫారసు చేయలేకపోయాం.

మండలి అధ్యక్షులు మాత్రం చివరిదాకా ఒక్క అంకె అడిగారు: "కౌంటీకి ఎన్ని నీళ్లున్నాయో ఒక్క మాటలో చెప్పండి." వారి ఇబ్బంది నాకు అర్థమైంది, ప్రణాళికలో ఆ గడి ఖాళీగా ఉంది. మేం ఇచ్చినది ఏటిని ఆరు భాగాలుగా, ఏడాదిని పన్నెండు నెలలుగా విడదీసిన 72 గడుల పట్టిక. ప్రతి గడిలోనూ మామూలు ఏడాది ప్రవాహం, కరువు ఏడాది ప్రవాహం, అందులో శుద్ధి కేంద్రం వాటా విడిగా ఉన్నాయి. భూగర్భ జలానికి వేరే పద్దు పెట్టలేదు. ప్రతి బోర్ల సముదాయం ఏ భాగం నుంచి, ఎన్నాళ్లకు, ఎంత తగ్గిస్తుందో ఆ పట్టికలోనే కోత కింద రాశాం. ఇంటి బోర్లకు మీటర్లు ఉండవు కాబట్టి వాటి వాడకాన్ని జనాభానుబట్టి అంచనా వేశాం, ఆ వరుసలను వేరే రంగులో చూపించాం.

ఇప్పుడు ఇలాంటి పని మళ్లీ వస్తే మొదటి నెలలోనే ఏటిలోకి దిగుతాను, నమూనాను చివరికి నెడతాను, గేజ్ అంకెను ఎగువకు పంచేముందు మధ్యలో కలిసే ప్రతి గొట్టాన్నీ పటంలో గుర్తిస్తాను. కొత్త గేజ్ మొదటి వేసవి రికార్డులో బోర్ల పక్క ఆగస్టు ప్రవాహం మా పట్టికలోని గడి కంటే రెండు క్యూసెక్కులు తక్కువగా ఉంది. ఎగువన కొత్తగా వేసిన సేద్యపు బోర్లే కారణమా, లేక ఆ భాగానికి మేం వేసిన ఊట అంచనా ఎక్కువైందా అన్నది తేల్చడానికి, వచ్చే సెప్టెంబరులో అవే 14 చోట్ల మళ్లీ టేపు కట్టబోతున్నాం.